నూటికి ముప్పై పాళ్ళు

"ఫ్రిజ్‌లో మట్టి దాచుకునే మనిషిని ఈ నిడదవోలు మొత్తం మీద నిన్నొక్కదాన్నే చూశాను" అన్నారు మా ఆయన గణేష్‌బాబు, పాల ప్యాకెట్ కోసం తలుపు తీసి. నవ్వుతూనే అన్నారు. ఆయన ఏ మాటైనా నవ్వుతూనే అంటారు. అందుకే ఆయన మాటలకి నాకు బదులు దొరకదు. కోపంగా అన్న మాటకైతే ఏడవచ్చు, అలగవచ్చు. నవ్వుతూ అన్న మాటకి మనం కూడా నవ్వాలి. నవ్వాను.

వినాయక చవితికి ముందు రోజు అది. ఫ్రిజ్ ఖాళీ చేసి తుడుస్తున్నాను. మా ఫ్రిజ్‌లో తలుపు అర మావయ్యగారిది. అక్కడ ఆయన ఇన్సులిన్ ఉంటుంది, పక్కన ఇంకేదీ పెట్టకూడదు. పై అర మా ఆయనది, చల్లటి సీసాలకి. మిగిలినదంతా పిండి గిన్నెలు, పెరుగు, పచ్చిమిరపకాయలు, కొబ్బరి చెక్కలు. అవి ఎవరివీ కావు, అందరివీ. కాబట్టి వాటిని చూసుకోవలసింది అత్తయ్యగారూ నేనూ. అక్కడే, పెరుగు గిన్నె వెనకాల, నా టిఫిన్ డబ్బా పెట్టాను. అందులో కవరు, కవర్లో మట్టి.

అది హిందూ మహాసముద్రం మధ్యలో, ఐదు కిలోమీటర్ల లోతున, సముద్రపు అడుగులోకి గొట్టం దింపి తీసిన మట్టి. పుస్తకాల్లో అవక్షేపం అంటారు. మా ఇంట్లో మట్టి అంటారు. రాజమండ్రిలో నేను పనిచేసే కాలేజీ ల్యాబుకి అలాంటివి కొన్ని వచ్చాయి. ఏది ఏ రకమో తేల్చి చెప్పడం నా పని. పండగ సెలవులకి ముందే ల్యాబులో ఫ్రిజ్ పాడైపోయింది. మట్టి తడి ఆరకూడదు. మిగతా వాటిని మా ల్యాబు చూసే సారిక మేడం తన ఇంటికి పట్టుకెళ్ళి, ఇదొక్కటీ నా చేతికిచ్చారు. "ఇది నీది. నువ్వే చూసుకో" అన్నారు. రైల్లో గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కింద ఏరు ఎర్రగా, నిండుగా పోతోంది.

మా పుట్టింటి ఊరు అంతర్వేది దగ్గర. ఏరు సముద్రంలో కలిసే చోటికి మా బడి నుంచి నడిచి వెళ్ళవచ్చు. వరద రోజుల్లో ఎర్ర నీళ్ళు నీలం నీళ్ళలోకి ఎంతో దూరం గీత గీసినట్టు వెళ్ళేవి. ఆ గీత ఎక్కడ ఆగుతుందండీ అని మా సైన్సు మాస్టారు చంద్రరావుగారిని అడిగితే, "నువ్వు వెళ్ళి చూసొచ్చి నాకు చెప్పమ్మా" అన్నారు. ఆయన సరదాకి అన్నారు. నేను ఎమ్మెస్సీ దాకా ఆ మాట పట్టుకునే వెళ్ళాను.

పెళ్ళైన కొత్తలో ఒకసారి స్టేషన్ నుంచి బండి మీద వస్తూ మా ఆయనకి ఇదంతా చెప్పాను. సముద్రం అడుగున ఉన్న మట్టంతా ఒకటి కాదండి, ఎక్కడి నుంచి వచ్చింది అన్న దాన్ని బట్టి దాన్ని విడదీస్తారు అన్నాను. నేల నుంచి నదులు మోసుకొచ్చి పడేసింది ఒకటి. నీళ్ళలో బతికి చచ్చిపోయిన, కంటికి కనపడని జీవుల గుల్లలు రాలి పేరుకున్నది ఒకటి. ఎవరూ తేకుండా నీళ్ళలోంచే పేరుకుని గట్టిపడేవి ఇంకో రకం. ఏ సొరచేప పన్ను చుట్టూనో మాంగనీసు, ఇనుము పొరలు పొరలుగా చేరి చేమదుంపల్లా తయారవుతాయి, వాటిలో రాగి, నికెల్ కూడా ఉంటాయి. ఇక ఆకాశం నుంచి రాలిన ధూళి ఇంకొంచెం. ఆయన శ్రద్ధగానే విన్నారు. దారిలో బండి ఆపి మిరపకాయ బజ్జీలు కూడా కొనిపెట్టారు. ఆ ఆదివారం మా ఆడపడుచు ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు, "మా ఆవిడ ఉద్యోగం ఏంటనుకున్నారు? మట్టి కడిగి అందులో చేమదుంపలు ఏరుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫ్రిజ్‌లో ఉన్న ఈ మట్టి సంగతి వేరు. దీన్ని ఎప్పుడో ఎవరో బంకమట్టి అని రాసి పెట్టారు. నేను పళ్ళు కుట్టుకునే పుల్ల కొనతో ఆవగింజంత తీసి, గాజు పలక మీద నీటి చుక్కలో పరిచి, మైక్రోస్కోపులో చూశాను. అంత లోతులో సున్నపు గుల్లలు నిలవవు, కరిగిపోతాయి. గాజు గుల్లలే మిగులుతాయి. వాటిని మొదటిసారి చూసినప్పుడు నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. జల్లెడ బంతులు, గంటలు, కిరీటాలు, లేసు అల్లికలు, అన్నీ గాజువి, అన్నీ ఒకప్పుడు బతికినవి. వెయ్యేళ్ళకి బియ్యపు గింజ మందాన పేరుకుంటుందట అక్కడి మట్టి. లెక్కపెడుతూ పోయాను. ఒక పలక మీద నూటికి ముప్పై ఒకటి, ఇంకోదాని మీద ముప్పై మూడు.

అసలు కీలకమంతా ఆ ముప్పై దగ్గరే ఉంది. నూటికి ముప్పై పాళ్ళు జీవుల గుల్లలు ఉంటే దాన్ని ఇంక మట్టి అనకూడదు. దాని పేరు మారిపోతుంది. మిగతా డెబ్బై ఉత్త మట్టే అయినా సరే. "కంటిలెక్క చాలదు దుర్గా, తూకంలో తేలాలి" అన్నారు మేడం. ఒక రసాయనంలో నానబెడితే గాజు మాత్రం కరుగుతుంది, ఎంత కరిగిందో లెక్క కడితే సరి. సోమవారం ఆ పని పెట్టుకున్నాం. ఆ మట్టి తీసిన చోటికే నవంబరులో ఓడ వెళుతోంది. మేడం బృందానికి ఒక్క చోటు మిగిలింది. నీ లెక్క నిలబడితే అది నీదే అన్నారు. నెలన్నర ప్రయాణం.

ఇంట్లో చెప్పలేదు. ఏమని చెప్పను? క్రితం ఏడు సెమినారుకని విశాఖపట్నం వెళ్ళి రెండు రోజులు ఉన్నాను. హోటలు ఇడ్లీ తిన్న కథ మా ఆయన కార్తీకమాసం దాకా చెప్పుకున్నారు. మావయ్యగారు ఏమీ అనలేదు గానీ, తిరిగొచ్చిన రోజు కాఫీ తాగి "అమ్మయ్య, కాఫీ కాఫీలా ఉంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట గట్టిగా అనలేదు. నాకు జ్వరం వస్తే మావయ్యగారే వెళ్ళి కొబ్బరిబొండాలు తెస్తారు. ఇంత బాగా చూసుకునే వాళ్ళని వదిలి నెలన్నర ఎక్కడికో వెళతానంటే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. నాలుగు రోజుల నుంచి ఆ మాట గొంతు దాకా తెచ్చుకుని, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకుంటున్నాను.

చవితి పొద్దున్న తలంటు పోసుకుని వంటింట్లోకి వచ్చాను. అత్తయ్యగారు అప్పటికే ఉండ్రాళ్ళ పిండి ఉడికించేశారు. ఆవిడ పేరు రత్నమాణిక్యం. మోకాళ్ళ నొప్పితో పీట మీద కూర్చోలేక, స్టూలు మీద కూర్చుని అన్నీ అక్కడి నుంచే అందుకుంటూ ఉంటారు. ఆ రోజు మొహం వెలిగిపోతోంది. నన్ను చూసి ఏదో చెప్పబోయి, ఆగి, "పూజగదిలోకి వెళ్ళి చూడు" అన్నారు. వెళ్ళబోతూ అరమీద గిన్నెలు అందుకున్నాను. అక్కడ నా టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి ఉంది.

కాసేపు అది నా డబ్బా కాదేమో అనుకున్నాను. మూత మీద నా పేరు ఉంది. ఫ్రిజ్ తీశాను. పెరుగు గిన్నె వెనకాల ఖాళీ. చెత్తబుట్టలో, అరటికాయ తొక్కల మీద, నేను ఇంగ్లీషు అక్షరాలతో రాసిన కవరు. అప్పుడు పూజగదిలోకి వెళ్ళాను.

పాలవెల్లి కింద, పసుపు రాసిన పీట మీద, పత్రి మధ్యలో పిడికెడంత వినాయకుడు కూర్చుని ఉన్నాడు. గోధుమరంగు. ఎక్కడా పగులు లేదు. గురివింద గింజల కళ్ళు. తొండం కొనలో వేలిగోరంత ఉండ్రం కూడా ఉంది. ఏటా వినాయకుడిని అత్తయ్యగారే చేస్తారు. ఇంత అందంగా మాత్రం ఎప్పుడూ రాలేదు. నేను ఏడ్చి ఉండవలసింది. కానీ నాకు మొదట తట్టింది ఏమిటంటే, ఆ చెవుల అంచుల్లో, ఆ బొజ్జలో, కొన్ని లక్షల గాజు కిరీటాలున్నాయి కదా అని.

మావయ్యగారు పట్టుపంచెతో వచ్చి కూర్చున్నారు. "ఈ ఏడు స్వామి మరీ చిన్నవాడైపోయాడేంటి మాణిక్యం" అన్నారు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ప్రాణప్రతిష్ఠ చేశారు. కథ నేనే చదవాలి, ఏటా నేనే చదువుతాను. గొంతు ఎక్కడా ఆగకుండా చదివాను. లోపల మాత్రం సోమవారం అని ఒకటే మాట తిరుగుతోంది. ప్రతిష్ఠ అయిన విగ్రహాన్ని తొమ్మిది రోజులు కదపరు మా ఇంట్లో. తరవాత కాలవలో కలుపుతారు. కాలవ ఏట్లో కలుస్తుంది, ఏరు సముద్రంలో. మళ్ళీ ఆ చోటికి అది చేరదు. చేరినా నాకు దొరకదు. అక్షతలు వేస్తూ, స్వామీ నువ్వు ఎవరివో నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను. భక్తో దుఃఖమో తెలియలేదు.

పులిహోర, పాయసం, గారెలు, పప్పు, అన్నీ వడ్డించాను. మగవాళ్ళు తిన్నాక అత్తయ్యగారూ నేనూ తిన్నాం. అత్తయ్యగారు నా మొహం వంకే చూస్తున్నారు, నేను ఏదో అంటానని. నేను ఏమీ అనకపోయేసరికి ఆవిడ కళ్ళలో వెలుగు కొంచెం తగ్గింది. అది చూశాను. చూసి, కంచాలు ఎత్తాను.

గదిలో మా ఆయనకి చెప్పాను. ఓడ సంగతి చెప్పలేదు. అది ల్యాబు మట్టి, దానితో సోమవారం పని ఉంది, అది ఇప్పుడు దేవుడైపోయింది అన్నాను. ఆయన పడుకున్నవారు లేచి కూర్చుని, పకపకా నవ్వారు. నవ్వి, నా మొహం చూసి, ఆపారు. ఆయన మంచివారు. భుజం మీద చెయ్యి వేసి, "మట్టే కదా దుర్గా. దీనికి ఇంత దిగులేంటి? కాలవ గట్టున బోలెడుంది. సాయంత్రం నేనే వెళ్ళి శుభ్రమైన చోట తీసుకొస్తాను. అదే కవర్లో నింపి ఇచ్చెయ్. ఐదు కిలోమీటర్లు దిగి చూసొచ్చేవాళ్ళు ఎవరు?" అన్నారు.

ఏటి మట్టిలో అభ్రకం మెరుస్తుంది. గడ్డి పీచు, ఊక ఉంటాయి. పలక మీద పెట్టగానే తెలిసిపోతుంది. ఆయన చెప్పింది నన్ను కష్టం నుంచి తప్పించడానికే, అందులో సందేహం లేదు. కానీ మట్టే కదా అన్న మాట దగ్గర నాకు ఏదో తెగింది. ఆ మాట చుట్టూ నా ఆరేళ్ళు తిరుగుతున్నాయి. ఎమ్మెస్సీలో ఎండలో నిలబడి జల్లెడ పట్టినవి, పెళ్ళయ్యాక పొద్దున్నే నాలుగు క్యారియర్లు సర్ది రైలు ఎక్కినవి, తిరిగొచ్చి పప్పు కడుగుతూ కళ్ళ ముందు గాజు గుల్లలు కదులుతూ ఉంటే పోపు మాడ్చినవి. "మట్టి కాదండి అది" అన్నాను. నేను ఆయన మాటకి బదులు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను.  "అది మట్టి కాదనే నేను తేల్చాలి. దాని కోసమే ఇదంతా."

గుమ్మంలో చప్పుడైంది. అత్తయ్యగారు మా ఇద్దరికీ కాఫీ తెచ్చి నిలబడి ఉన్నారు. గ్లాసులు గూట్లో పెట్టి, మంచం కోడు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"నువ్వు నా కోసం తెచ్చావనుకున్నానే" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"మంచి మట్టి దొరుకుతుందో లేదో, కాలవంతా ఇసుకతో వచ్చిందట అని మొన్న తోటకూర వలుస్తూ అన్నాను కదా. మీ మావయ్యగారికి నాలుగు సార్లు చెప్పాను. వీడికి చెప్పాను. ఎవరూ తేలేదు. ఏదో ఒకటి చూసుకో అన్నారు. నిన్న కొబ్బరి చెక్క కోసం ఫ్రిజ్ తీస్తే, పెరుగు వెనకాల దాచినట్టు పెట్టావు. మూత తీస్తే మట్టి. ఎండకుండా కవర్లో. కవరు మీద నూట ఇరవై అని ఉంటే, ఇంత ధర పెట్టి కొన్నావా అని తిట్టుకున్నాను కూడా." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూసుకుంటున్నారు. "ఈ ఇంట్లో నేనడిగింది ఒకరు గుర్తుపెట్టుకుని తేవడం నాకు తెలీదు. అందుకే నీకు చెప్పలేదు. పీట మీద చూసి నువ్వే ఏదో ఒకటి అంటావని."

ఆ నూట ఇరవై, సముద్రపు అడుగు కింద ఎన్ని సెంటీమీటర్ల దగ్గర తీశారో ఆ అంకె.  మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. ఆవిడ మట్టి అడిగిన రోజు నేనూ వంటింట్లోనే ఉన్నాను. విన్నాను. అది నాకు చెప్పినట్టు నేను అనుకోలేదు. ఈ ఇంట్లో ఆవిడ మాటని గాలిలోకి వదిలేయడం నాకూ అలవాటైపోయింది. నా మాట ఆ గాలిలో కలిసిపోతోందని బాధపడుతూ, ఆవిడ మాటని నేను వినలేదు.

"పోయిందా అంతా?" అని అడిగారు ఆవిడ.

"అందులో ఏమైనా కలిపారా అత్తయ్యా? నూనె, దూది, పసుపు?"

"ఏం కలపలేదు. కలపాల్సిన పని లేకపోయింది, వెన్నలా ఉంది. కాస్త నీళ్ళు చల్లానంతే. దేవుడికి కదా అని టిన్ను నీళ్ళు." అంటే తాగే నీళ్ళు. కాలవ నీళ్ళు కాదు.

 గొట్టంలో తీసిన మట్టిని ల్యాబులో కోసేటప్పుడు కూడా, గొట్టానికి రాసుకున్న పై పొర పనికిరాదని గీకేసి లోపలిదే తీసుకుంటాం. బొజ్జ లోపలి ముద్దకి పసుపూ కుంకుమా తగలలేదు. కానీ అది తొమ్మిది రోజుల మాట. ఆ సంగతి నేను చెప్పకముందే ఆవిడ లేచారు. మావయ్యగారు హాల్లో వాలుకుర్చీలో ఉన్నారు.

"ఏవండీ, సాయంత్రం ఉద్వాసన చెప్పేద్దాం" అన్నారు.

మావయ్యగారు సత్తిరాజుగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. వేళ తప్పితే ఊరుకోరు. "మనింట్లో తొమ్మిది రోజులు. మా నాన్నగారి నాటి నుంచి అంతే" అన్నారు పేపరు దించకుండా.

"మీ నాన్నగారి నాటి నుంచి మట్టి తెచ్చేది మగవాళ్ళేనండి. ఈ ఏడు అది తప్పిందిగా. ఇదీ తప్పుతుంది. స్వామి ఏమీ అనుకోడు. ఊళ్ళో సగం మంది సాయంత్రానికే కదుపుతారు."

"ఏంటి హడావుడి?"

"పిల్లకి పనుంది దానితో. మీరు చెప్తారా, నేను చెప్పనా?"

మావయ్యగారు పేపరు దించి ఆవిడ వంక చూశారు. ఆడవాళ్ళు చెప్పకూడదు అని ఏదో గొణిగారు. "చెయ్యడం మాత్రం చెయ్యొచ్చు గావును" అన్నారు ఆవిడ, కోపం లేకుండానే.   ఆయన లేచి కాళ్ళు కడుక్కుని, ఉత్తరీయం వేసుకుని, "నాకు తెలిసి రైలు టైము కంటే ముందు కదలడం ఇదే" అంటూ పూజగదిలోకి వెళ్ళారు. దీపం వెలిగించి, మంత్రం చెప్పి, పీటని ఈశాన్యం వైపు మెల్లగా కదిపారు. అంతే, ఇంక అది మట్టి. మావయ్యగారి లెక్కలో.

వంటింటి గట్టు మీద శుభ్రమైన పళ్ళెం పెట్టాను. నేను చాకు అందుకోబోతే అత్తయ్యగారు వద్దన్నారు. చేసిన చెయ్యే విప్పాలి అని, గురివింద గింజలు ముందు తీసి పక్కన పెట్టి, కిరీటం, చెవులు, తొండం ఒక్కొక్కటే వేళ్ళతో విడదీశారు. పసుపు తగిలినవన్నీ ఒక గిన్నెలో వేశారు, కాలవలో కలపడానికి. బొజ్జ మిగిలింది. పై పొర నేను పలచగా గీకాను. లోపల తడిగా, నున్నగా ఉంది. పక్కపక్కన నిలబడి పని చేస్తున్నాం, పండగకి గారెల పిండి రుబ్బినట్టే.

"ఇందులో ఏముందే అంత?" అన్నారు.

చెప్పాను. గాజు గుల్లల సంగతి, ముప్పై సంగతి. నూటికి ముప్పై పాళ్ళు ఆ జీవులవి ఉంటే ఇంక దాన్ని మట్టి అనకూడదు అత్తయ్యా, వేరే పేరు అన్నాను.

"మిగతా డెబ్బై?"

"మట్టే."

"డెబ్బై మట్టి ఉన్నా, పేరు మాత్రం ముప్పైదా?"

"అవునండి. అదే పద్ధతి."

ఆవిడ వేలికొసకి అంటిన మట్టిని వెలుతురుకి పెట్టి చూశారు. ఏమీ కనపడదు కంటికి. చాలాసేపు చూశారు. "నాలో ఎన్నుంటాయంటావు?" అన్నారు.

 అది ఆవిడ నన్ను అడగలేదనుకుంటాను. పాలకొల్లులో పుట్టి, పద్దెనిమిదేళ్ళకి ఈ ఇంటికి వచ్చి, గార్డుగారు డ్యూటీ పెట్టె సర్దుకుని వారంలో నాలుగు రోజులు బయట ఉంటే పిల్లల్నీ అత్తనీ ఆవునీ చూసుకుని, ఏటా ఒక్క రోజు పిడికెడు మట్టి పట్టుకుని చెవులూ తొండం దిద్దిన మనిషి. ఆ ఒక్క రోజుకీ మట్టి ఎవరూ తెచ్చిపెట్టలేదు. నేను ఇన్నాళ్ళూ ఏమనుకున్నానంటే, నా పని నాకు కావాలంటే ఈ ఇల్లంతా వదులుకోవాలేమో, లేదా ఇల్లు కావాలంటే నేనంతా మట్టి అయిపోవాలేమో అని. నాకు ఈ ఇల్లంటే ఇష్టం. మా ఆయన బజ్జీలు, మావయ్యగారి కొబ్బరిబొండాలు, ఈవిడ పక్కన నిలబడి చేసే పని, ఇవన్నీ నాలో పేరుకున్నవే. డెబ్బై పాళ్ళు వీళ్ళవే అయినా నాకు బాధ లేదు. కానీ మిగిలిన ముప్పైని బట్టి నన్ను పిలవాలి. అది ఎవరో వచ్చి తేల్చరు. నేనే చెప్పాలి.

అప్పుడే గట్టు మీద ఫోను మోగింది. సారిక మేడం. నా రెండు చేతులూ మట్టి. అత్తయ్యగారు మోచేతితో నొక్కబోయి స్పీకరు కూడా నొక్కేశారు. మేడం పండగ శుభాకాంక్షలు చెప్పి, మట్టి జాగ్రత్తేనా అన్నారు. హాల్లో టీవీ ఆపేసి ఉంది. ఇల్లంతా వినపడుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

 "తొండం ఎటు తిప్పారు?" అన్నారు మేడం.

"ఎడమకండి" అన్నారు అత్తయ్యగారు, తనని అడిగారనుకుని.

మేడం నవ్వు ఆపుకోలేకపోయారు. తరవాత గొంతు మార్చి, లోపలి ముద్ద నుంచే తీసుకో, లోహాల పరీక్షకి ఇంక పనికిరాదు, గాజు లెక్కకి పనికొస్తుంది, ఏం జరిగిందో వినాయకుడితో సహా రాసి పెట్టాలి, లెక్క నిలబడుతుందో లేదో సోమవారం చూద్దాం అన్నారు. "ఇంకొకరైతే ఏ కాలవ మట్టో నింపి తెచ్చి నోరు మూసుకునేవారు" అన్నారు. హాల్లో మా ఆయన దగ్గారు. "లెక్క ఏమైనా సరే, ఓడ మీద నాకు ఇలా చెప్పే మనిషి కావాలి. రేపటికల్లా పేరు పంపాలి. ఇంట్లో అడిగి చెప్పు."

ఫోను వంక చూశాను. గుమ్మంలో మా ఆయన వచ్చి నిలబడ్డారు, వెనకాల మావయ్యగారు.

"అడగక్కర్లేదు మేడం. నా పేరు పంపండి" అన్నాను. "ఇంట్లో చెప్తాను."

ఫోను ఆగిపోయింది. ఏ ఓడ అని అడిగారు మా ఆయన. చెప్పాను. ఎక్కడికి, ఎప్పుడు, ఎన్నాళ్ళు. ఆయన నవ్వలేదు. చెప్పడం అయ్యేదాకా నా మొహం వంకే చూశారు, స్టేషన్‌లో దిగింది నేనో కాదో అని చూసినట్టు.

"నెలన్నరా?" అన్నారు.

"నెలన్నరా?" అన్నారు మావయ్యగారు, ఆయన వెనక నుంచి.

అత్తయ్యగారు కుళాయి కింద చేతులు పెట్టి, గోళ్ళ సందుల్లో మట్టి కడుక్కున్నారు. చీర చెంగుకి తుడుచుకున్నారు.

"ఓడలో వంట ఎవరు చేస్తారు?" అని అడిగారు.

"వంటవాళ్ళుంటారు అత్తయ్యా. మగవాళ్ళే."

"మూడు పూటలా?"

"మూడు పూటలా. టీ కూడా."

"కంచాలు?"

"అవీ వాళ్ళే కడుగుతారు."

ఆవిడ గట్టుకి ఆనుకుని నిలబడి, ఆ ఓడని కళ్ళ ముందు పెట్టుకున్నట్టు కాసేపు ఎటో చూశారు. తరవాత నా వైపు తిరిగారు.

"నెలన్నరేనా?" అన్నారు.